సినిమా హాలు ఎవరి ఆస్తి?

రఘుపతి వెంకయ్య స్మారకోపన్యాసం

రఘుపతి వెంకయ్య గారిని తెలుగు సినిమాకు పితామహుడంటాం. ఆ మాట విన్నవాళ్ళు ఆయన తీసిన సినిమాల కోసం వెతుకుతారు. ఆయన జీవితాన్ని వరసగా చూస్తే సినిమా తీయడం చివర్లో వస్తుంది. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన మనిషి, 1910 ప్రాంతంలో ఆ స్టూడియోను తాకట్టు పెట్టి క్రోనో మెగాఫోన్ అనే యంత్రాన్ని కొన్నారు. కదిలే బొమ్మనూ గ్రామఫోన్ పాటనూ జతచేసి చూపించే యంత్రమది. దాన్ని వెంటేసుకుని గుడారాలు వేస్తూ ఊళ్ళు తిరిగారు, సముద్రం దాటి బర్మాకూ సిలోనుకూ వెళ్ళారు. తిరిగొచ్చి మద్రాసులో గెయిటీ కట్టారు. ఆ నగరంలో భారతీయుడి సొంతమైన తొలి సినిమా హాలు అదే. క్రౌన్, గ్లోబ్ ఆ తరవాతివి. కొడుకు ప్రకాశ్ చేతుల మీదుగా 'భీష్మ ప్రతిజ్ఞ' తయారయ్యేసరికి 1921 వచ్చింది. అంటే పదేళ్ళకు పైగా ఆయన తలకెత్తుకున్న పని, బొమ్మ చూడవచ్చిన జనానికి కూర్చునే చోటు ఏర్పాటు చేయడం. ఆయన పేరు మీద జరిగే సభలో ఒక సినిమా గురించి కాక సినిమా హాలు గురించి మాట్లాడటం అందుకే సబబనిపించింది.

మద్రాసు హాళ్ళ గురించీ, బెజవాడలో అదే 1921లో వెలసిన మారుతీ టాకీసు గురించీ ఇదివరకే చాలామంది రాశారు. నేను ఎంచుకున్నది యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని పాత సినిమా హాళ్ళు. కారణం వెంకయ్య గారి గుడారమే. కోరంగి రేవు నుంచీ, విశాఖ నుంచీ కూలికి పోయిన తెలుగువాళ్ళు రంగూన్‌లో వీధులకు వీధులు నిండిన కాలంలో ఆ గుడారం బర్మాకు వెళ్ళింది. ఆ వలసదారి మూసుకుపోయిన కొన్ని దశాబ్దాలకు ఇంకో దారి తెరుచుకుంది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచీ, కడప, రాయచోటి, కోనసీమల నుంచీ మనవాళ్ళు దుబాయ్‌కీ అబుదాబికీ షార్జాకీ పోవడం మొదలుపెట్టారు. వాళ్ళు అక్కడ కట్టిన భవనాలను ప్రపంచం ఫొటోలు తీసుకుంటోంది. వాళ్ళు కూర్చున్న భవనాలు మాత్రం ఒకటొకటే నేలమట్టమయ్యాయి. ఆ రెండో రకం భవనాల్లో ముఖ్యమైనది సినిమా హాలు. అది ఎవరి ఆస్తి, కూలిపోతే ఎవరికి నష్టం, ఎవరు లెక్క రాసుకోవాలి అన్నది ఈ ఉపన్యాస విషయం. కట్టినవాడు, కొన్నవాడు ఎవరైనా, హాలు విలువను అందులో కూర్చున్నవాళ్ళను బట్టి తూచాలన్నది నా వాదం.

చరిత్ర షార్జా విమానాశ్రయం దగ్గర మొదలవుతుంది. 1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు ఇండియాకు వెళ్తూ ఆగడానికి కట్టుకున్న మజిలీ అది. ఇప్పుడు అల్ మహత్తా మ్యూజియంగా ఉంది. అప్పటి రన్‌వే ఇప్పుడు కింగ్ అబ్దుల్ అజీజ్ వీధి. 1940లలో బ్రిటిష్ వైమానిక దళం వాళ్ళు అక్కడ ఆరుబయట సినిమాలు వేసేవారు. దుబాయ్‌లో జనం కోసం తొలి హాలు 1953లో వచ్చింది. పేరు అల్ వతన్. ఇవాళ బనియాస్ స్క్వేర్ అని బోర్డు ఉన్నా జనం నోట నాసర్ స్క్వేర్‌గానే నిలిచిపోయిన చోట, డేరాలో, పైకప్పు లేకుండా కట్టారు. వతన్ అంటే సొంత దేశం, సొంత నేల. తెలంగాణ పల్లెల్లో వతన్‌దారు అన్న మాట ఎరిగినవాళ్ళకు ఈ అరబ్బీ మాట పరాయిదేమీ కాదు. గుడారం వేసి ఆడే టూరింగ్ టాకీసును మనం డేరా హాలు అనేవాళ్ళం. దుబాయ్‌లోని డేరాకు దానితో పేరు కలవడం కాకతాళీయమే, కానీ మనవాళ్ళ చెవికి ఆ పేరు ఎప్పుడూ కొత్తగా తగల్లేదు.

1953 అన్న సంవత్సరాన్ని కాస్త నిలబెట్టి చూడాలి. దుబాయ్‌లో చమురు దొరకడానికి అప్పటికి ఇంకా పదమూడేళ్ళుంది. షేక్ రషీద్ హయాంలో విద్యుత్ సంస్థ ఏర్పడింది 1959లో. ఊరికి కరెంటు లేని కాలంలో సినిమా ఆడించాలంటే సొంత జనరేటరు ఉండాల్సిందే. అంటే ఆ ఊళ్ళో వీధి దీపానికన్నా ముందు సినిమా దీపం వెలిగింది. చెలామణిలో ఉన్న డబ్బు భారత రూపాయి. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేక రూపాయి ముద్రించింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించాక ఆ ఏర్పాటు పోయింది. దిర్హాము 1973లో వచ్చింది. కాబట్టి అల్ వతన్‌లో టికెట్టు కొన్నవాడు బెజవాడలో మారుతీ టాకీసుకు వెళ్ళినవాడిలాగే రూపాయలూ అణాలూ లెక్కపెట్టి ఇచ్చాడు. గల్ఫ్‌కూ మనకూ సంబంధం 1970ల చమురు డబ్బుతో మొదలైందని రాసేవాళ్ళు ఈ సంగతిని దాటేస్తారు. సంబంధం పాతది. దానికి నిలువెత్తు సాక్ష్యం ఒక హాలు, అది ఇప్పుడు లేదు.

ఆరుబయలు హాలు నిర్మాణం చెప్పడానికి తేలిక. నాలుగు గోడలు, ఒక కొసన తెల్లగా పూసిన గోడ, ఎదురు కొసన ఎత్తు మీద ఆపరేటర్ గది, మధ్యలో బెంచీలూ కుర్చీలూ. ఆకాశమే కప్పు కాబట్టి మ్యాట్నీ లేదు, పొద్దుగూకాకే ఆట. గల్ఫ్ ఎండాకాలంలో రాత్రి గాలి కూడా ఉక్కగానే ఉంటుంది. అయినా జనం కూర్చున్నారు. కరెంటు వచ్చి, ఏసీ యంత్రాలు వచ్చాక హాలుకు కప్పు పడింది. అక్కడితో ఆ కట్టడం స్వభావమే మారింది. 1970లలో అబుదాబి ఎలక్ట్రా వీధిలో వెలసిన ఎల్డొరాడో, బర్ దుబాయ్‌లోని గోల్డెన్ సినిమా లాంటివి ఈ రెండో తరం. ఒకే తెర, ఒకే పెద్ద హాలు. బయట నలభై అయిదు డిగ్రీల వేడి, బసలో అంతస్తుల మంచాలు, ఒక్కో గదిలో ఎందరో. అలాంటి బతుకు గడిపే మనిషికి మూడు గంటల పాటు చల్లదనం, చీకటి, తనకంటూ ఒక కుర్చీ దొరికిన గది అది. ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట పని చేయించకూడదని ఆ దేశం ఇప్పుడు ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా నిబంధన అమలు చేస్తోంది. నీడ ఎంత విలువైనదో ఆ నిబంధనే చెబుతుంది. ఆ నిబంధన రాకముందు దశాబ్దాల పాటు కూలివాడు డబ్బిచ్చి కొనుక్కోగలిగిన చల్లటి నీడ సినిమా టికెట్టే.

ఈ హాళ్ళ నిర్మాణంలో నన్ను ఎక్కువ ఆకట్టుకునేది తెర కాదు, తెర ముందరి కుర్చీలూ కాదు. తలుపుల అవతల ఉండే వసారా. హిందీ సినిమాకూ మన సినిమాకూ ఇంటర్వెల్ ఉంటుంది. ఒకే హాలున్న థియేటర్లో ఇంటర్వెల్ అంటే వందలమంది ఒక్కసారిగా లేచి బయటికి రావడం. కాబట్టి అంతమందికీ సరిపడే వసారా, క్యాంటీను, మెట్లు, వాకిలి కట్టక తప్పదు. ఆ పది పదిహేను నిమిషాల్లో ఒక జిల్లావాడు ఇంకో జిల్లావాడికి తగులుతాడు. ఏ కంపెనీలో జీతాలు సరిగ్గా పడుతున్నాయి, ఎవరు ఊరికి వెళ్తున్నారు, ఎవరి చేతికి ఉత్తరమో సామానో ఇవ్వొచ్చు అన్న కబుర్లు నడిచేది అక్కడే. మల్టీప్లెక్స్‌ను కట్టే సూత్రం దీనికి సరిగ్గా తలకిందులు. ఎనిమిది పది తెరలుంటాయి, ఆట వేళలు ఒకదానితో ఒకటి కలవకుండా పది పదిహేను నిమిషాల తేడాతో పెడతారు, క్యూ పెరగకూడదు, జనం గుమిగూడకూడదు. వ్యాపార దృష్టితో అది తెలివైన ఏర్పాటే, తప్పు పట్టను. కానీ ఒకటి జనాన్ని పోగుచేయడానికి కట్టిన కట్టడం, రెండోది జనాన్ని పోగవనివ్వకుండా నడిపించే కట్టడం. రెంటిలోనూ ఆడేది ఒకే సినిమా కావచ్చు. రెంటినీ ఒకే గాటన కట్టి, పాతది పోయినా కొత్తది వచ్చింది కదా అని సరిపెట్టుకోవడం ఇందుకే పొరపాటు.

ఊరి మీద ఈ హాళ్ళు వేసిన ముద్ర ఇంకొకటి ఉంది. గల్ఫ్ నగరాల్లో ఇంటికి ఉత్తరం రాదు, పీఓ బాక్సుకే వస్తుంది. ఇంటింటికీ నంబరు, వీధివీధికీ బోర్డు పక్కాగా వచ్చింది 2010ల దశకంలోనే. అంతకు ముందు దారి చెప్పాలంటే గుర్తు చెప్పాలి. ఫలానా సినిమా వెనక, ఫలానా సినిమా ఎదురుగా అని టాక్సీ డ్రైవరుకు చెప్పేవారు. ఇది మనకు కొత్త సంగతి కాదు. విశాఖలో జగదాంబ జంక్షన్, తిరుపతిలో లీలామహల్ సర్కిల్, బెజవాడలో అలంకార్ సెంటర్, సికింద్రాబాద్‌లో పారడైజ్, సంగీత్ చౌరస్తా, ఇవన్నీ హాళ్ళ పేర్లు. పారడైజ్ థియేటర్ పోయి, దాని క్యాంటీనుగా మొదలైన బిర్యానీ హోటల్ పేరు ప్రపంచమంతా పాకింది. సంగీత్ కూలిపోయినా బస్సు కండక్టరు ఇంకా సంగీత్ అనే పిలుస్తాడు. మన ఊళ్ళలో హాలు పోయినా పేరు మిగలడానికి కారణం, ఆ పేరును పలికే జనం అక్కడే ఉండటం. గల్ఫ్‌లో ఆ జనం కూడా ఉండరు. వీసా ముగిస్తే మనిషి ఊరికి వెళ్ళిపోతాడు, అతని నోట్లోని పేరు కూడా అతనితోనే వెళ్ళిపోతుంది. హాలు పోయిన చోట పేరు నిలిచే అవకాశం అక్కడ సగానికి సగం తక్కువ.

ఇక వాటి గతి. మొదటి దెబ్బ వీడియో క్యాసెట్టు. 1980లలో దుబాయ్ నుంచి వచ్చినవాడి సామానులో టూ-ఇన్-వన్ తరవాతి స్థానం వీసీఆర్‌దే. అదే వీసీఆర్ అక్కడ బసల్లోకీ చేరింది, సినిమా మంచం దగ్గరికే వచ్చింది. రెండో దెబ్బ 1990ల చివర్నుంచీ మాల్. 2005లో మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్, 2008లో దుబాయ్ మాల్ తెరిచేసరికి సినిమా అంటే మాల్‌లో ఒక అంతస్తు అన్న అర్థం స్థిరపడింది. మూడోది డిజిటల్. రీళ్ళ డబ్బాలు పోయి హార్డ్ డిస్కులు వచ్చినప్పుడు పాత యంత్రాన్ని తీసేసి కొత్తది పెట్టే పెట్టుబడి ఒంటి తెర యజమానికి భారమైంది. అన్నిటికీ మించినది నేల ధర. బర్ దుబాయ్‌లో, డేరాలో నేల విలువ పెరిగిన కొద్దీ ఒక్క తెర కోసం అంత స్థలం అట్టే పెట్టడం యజమానికి గిట్టని బేరమైంది. గోల్డెన్ సినిమా కూలిపోయింది. ఇక్కడ ఒక సంగతి జరిగింది, నా వాదమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. కూలేముందు దాని కుర్చీలను కొందరు జాగ్రత్త చేశారు. 2014లో బుథైనా కాజిమ్ మొదలుపెట్టిన సినిమా అకీల్ కొన్నేళ్ళు చోటు మారుతూ సినిమాలు వేసింది. 2018లో అల్ కూజ్‌లోని అల్ సర్కాల్ అవెన్యూలో 68వ నంబరు గోదాములో స్థిరపడింది. అక్కడ వేసినవి గోల్డెన్ సినిమా కుర్చీలే.

అల్ కూజ్ పేరు మనవాళ్ళకు వేరే కారణంగా తెలుసు. అది గోదాములూ ఫ్యాక్టరీలూ లేబర్ క్యాంపులూ ఉన్న పేట. ఒకప్పుడు శుక్రవారం సెలవు దొరికిన కూలివాడు అలాంటి క్యాంపు నుంచి బస్సెక్కి బర్ దుబాయ్ వచ్చేవాడు. డేరా వైపు పనుంటే ఒక్క దిర్హాముకు అబ్రా పడవ మీద కాలువ దాటేవాడు, సినిమా చూసి తిరిగి వెళ్ళేవాడు. ఇప్పుడు కుర్చీలే అల్ కూజ్‌కు వచ్చాయి. వాటిలో కూర్చుని చూసేది దేశదేశాల కళాత్మక చిత్రాలు, పాత క్లాసిక్‌లు. కుర్చీని కాపాడినవాళ్ళకు నేను మనస్ఫూర్తిగా నమస్కరిస్తాను. ఆ నగరంలో ఇంకెవరూ చేయని పని వాళ్ళు చేశారు. అయితే కుర్చీ మిగిలి, దాని మీద కూర్చున్న మనిషి జాడ చెదిరిపోతే మిగిలింది సగమే. ఆ రెండో సగం కాపాడే బాధ్యత సినిమా అకీల్‌ది కాదు, కూర్చున్నవాళ్ళ భాషల్లో రాసేవాళ్ళది.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ తెలుసు. ఆ హాళ్ళలో చెప్పుకోదగ్గ వాస్తుశిల్పం ఏముంది, సిమెంటు పెట్టెలే కదా అంటారు. నిజమే, ముంబయిలో 1938 నాటి ఎరోస్ లాంటి సొగసు వాటికి లేదు. కానీ ఎరోస్‌నే చూద్దాం. 2018లో ముంబయి ఆర్ట్ డెకో భవనాల వరుసతో పాటు యునెస్కో జాబితాకెక్కింది. ముందు భాగం భద్రంగా ఉంది. లోపల వెయ్యిమందికి పైగా పట్టే హాలు ఉండేది. 2024లో తెరుచుకున్నప్పుడు మూడు వందల చిల్లర సీట్ల ఐమాక్స్ అయింది. ముఖాన్ని కాపాడారు, సభ పోయింది. అందాన్ని కొలమానంగా పెట్టుకుంటే జరిగేదిదే. కాబట్టి సొగసు లేదన్న కారణంతో హాలును తోసిపుచ్చడం కన్నా, సొగసు ఒక్కటే చూసి కాపాడటంలోని లోపాన్ని గుర్తించడం మంచిది. ఆ ఆక్షేపణకు జవాబు ఎమిరేట్స్‌లోనే దొరుకుతుంది కూడా. 2023లో అబుదాబి సంస్కృతి, పర్యాటక శాఖ ఆధునిక కాలపు 64 కట్టడాలకు రక్షణ ప్రకటించింది. అందులో బల్గేరియా ఆర్కిటెక్టులు రూపొందించిన ప్రధాన బస్ స్టేషన్ ఉంది. బస్టాండు అంటే ఎవరిది? కారు లేనివాడిది. సామాన్యుడు వాడిన కట్టడం వారసత్వం కాగలదని ఆ ప్రభుత్వమే ఒప్పుకున్నాక, సినిమా హాలు ఆ కోవలోకి రాదనడానికి తర్కం మిగల్లేదు.

యాభై అరవై ఏళ్ళ కట్టడాన్ని పాతదంటే ఎలా అన్నది రెండో ఆక్షేపణ. వేయి స్తంభాల గుడినీ లేపాక్షినీ చూసిన కళ్ళకు ఈ ప్రశ్న సహజమే. అయితే ఎమిరేట్స్ సమాఖ్య ఏర్పడింది 1971 డిసెంబరు 2న. 1953 నాటి హాలు ఆ దేశం కన్నా పద్దెనిమిదేళ్ళు పెద్దది. దేశం వయసుతో కొలిస్తే అది పురాతనమే. పాతదాన్ని కాపాడే ఆదుర్దాలో మధ్యకాలపుదాన్ని కూల్చిన సందర్భాలూ అక్కడ ఉన్నాయి. షార్జాలో పాత బస్తీని పూర్వస్థితికి తెచ్చే ప్రాజెక్టు కోసం 1970ల నాటి బ్యాంక్ స్ట్రీట్ భవనాలను తొలగించారు. ముత్యాల వ్యాపారం కాలపు పగడపు రాతి ఇళ్ళు కాపాడదగినవే, ఆ పనిలో షార్జా చూపిన శ్రద్ధ మెచ్చదగిందే. కానీ ఒక ఊరి కథలో ముత్యాల తరవాతి అధ్యాయం వలస కూలీలది. ఆ అధ్యాయం చింపేస్తే ముత్యాల నుంచి బుర్జ్ ఖలీఫా దాకా మధ్యలో ఎవరూ లేనట్టే కనిపిస్తుంది. మధ్యలో ఉన్నవాళ్ళు మనవాళ్ళు, మలయాళీలు, పాకిస్తానీలు, బంగ్లాదేశీలు.

మూడో ఆక్షేపణ కాస్త కటువైనది. వలసవాళ్ళు తాత్కాలికులు, వాళ్ళకు ఆ ఊరి వారసత్వంలో వాటా ఎక్కడిది? యాసిర్ ఎల్షెష్తావీ గల్ఫ్ నగరాల మీద రాసిన పుస్తకానికి 'టెంపరరీ సిటీస్' అని పేరు పెట్టారు. అబుదాబిలో పెరిగిన మలయాళీ రచయిత దీపక్ ఉన్నికృష్ణన్ తన కథల పుస్తకానికి 'టెంపరరీ పీపుల్' అని పెట్టారు. ఇద్దరూ ఎంచుకున్న మాట ఒక్కటే. కానీ ఒక్కొక్క మనిషి తాత్కాలికమైనా మనుషుల వరస తాత్కాలికం కాదు. జగిత్యాల జిల్లాలో తండ్రి పోయివచ్చిన దారిన కొడుకు పోయిన ఇళ్ళు ఎన్నో. యాభై ఏళ్ళుగా ఖాళీ కాని కుర్చీని తాత్కాలికమని ఎలా అంటాం? పైగా వారసత్వం అంటే భూమి పట్టా కాదు. హాలు నేల యజమానిది, యంత్రం పంపిణీదారుది, హాల్లోని గుర్తు మాత్రం చూసినవాడిది. ఆ చివరి వాటాను ఎవరూ కొనలేదు, ఎవరూ అమ్మలేదు. దాన్ని నమోదు చేసుకునే హక్కు కోసం ఏ దేశ పౌరసత్వమూ అక్కర్లేదు.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ మన లోపలి నుంచే వస్తుంది. ఆ హాళ్ళలో తెలుగు సినిమా ఎంత ఆడింది? ఎక్కువగా ఆడినవి హిందీవి, తరవాత మలయాళం, తమిళం. డేరాలో హయత్ రీజెన్సీ లోపలి గలేరియా హాలు లాంటి చోట దక్షిణాది సినిమాలు పడేవి, తెలుగు అప్పుడప్పుడూ. ఇవాళ మల్టీప్లెక్సుల్లో పెద్ద తెలుగు సినిమా హైదరాబాద్‌తో పాటే విడుదలవుతోంది, ఒక్కోసారి ఒక పూట ముందే. 'ఆర్ఆర్ఆర్' విడుదలకు ముందు 2022 మార్చిలో దుబాయ్‌లోనే సభ జరిగింది. మన భాషకు గౌరవం పెరిగిన కాలంలో మన భాష ఆడని హాళ్ళ కోసం బాధపడటం దేనికి? ఈ ప్రశ్నలోని నిజాన్ని నేను తక్కువ చేయను. లాభం నిజమైన లాభమే. భార్యాపిల్లలతో వెళ్ళి తెలుగులో సినిమా చూసే తెలుగు కుటుంబానికి ఇప్పటి రోజులే మంచి రోజులు. కానీ ఆ లాభం ఎవరికి చేరిందో కూడా చూడాలి. మాల్ టికెట్టూ, క్యాంపు నుంచి మాల్‌కు టాక్సీ ఖర్చూ కలిపితే కూలి జీతంలో ఎంత అవుతుందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. సోనాపూర్, సాజా, ముసఫ్ఫా క్యాంపుల్లోని మనిషి సినిమాను ఇప్పుడు ఫోన్లో, మంచం మీద, ఒంటరిగా చూస్తున్నాడు. తెర దొరికింది, తోడు పోయింది. ఇక భాష మాట. తనది కాని భాషలోని సినిమాకు నవ్వవలసిన చోట పక్కవాడితో కలిసి నవ్వడం నేర్చుకున్న మనిషి, ఆ హాల్లో హిందీ కూడా నేర్చుకున్నాడు. ఫోర్‌మన్‌తో మాట్లాడటానికీ, పఠాన్ డ్రైవరుతో బేరమాడటానికీ అదే పనికొచ్చింది. తెలుగు ఆడని హాలు తెలుగువాళ్ళది కాదనడం, తెలుగువాళ్ళు కూర్చోలేదనడంతో సమానం. కూర్చున్నారు.

ఇంతా చెప్పి యజమానులను నష్టపోయి హాళ్ళు నడపమనడం లేదు. ఆ మాట చెప్పే నైతిక హక్కు మనకు లేదు కూడా. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సుదర్శన్ 70 ఎం.ఎం., ఓడియన్ కూలినప్పుడు మనం నాలుగు రోజులు జ్ఞాపకాలు రాసుకుని ఊరుకున్నాం. అమీర్‌పేటలో సత్యం పోయి ఆ చోట ఏఏఏ సినిమాస్ వచ్చింది. వెంకయ్య గారు కట్టిన గెయిటీ కూడా పోయింది. ఆయన పేరు మీద రాష్ట్ర ప్రభుత్వం 1980 నుంచి పురస్కారం ఇస్తూ వచ్చింది. ఆయన కట్టిన హాలు కొలతలు, నక్షా, సీట్ల వరస ఎలా ఉండేదో చూపించే ఒక్క పుస్తకం మనం వేసుకోలేదు. చట్టం, ఓటు, పత్రిక అన్నీ మన చేతుల్లో ఉన్న చోటే ఇలా ఉంటే, వీసా మీద బతికే చోట ఉద్యమాలు చేయమని ఎవరికీ చెప్పలేం. బేరూత్‌లో జోసెఫ్ ఫిలిప్ కరమ్ 1960లలో రూపొందించిన 'ఎగ్' సినిమా హాలు అంతర్యుద్ధంలో గుల్లై కూడా నిలబడింది. 2019 నిరసనల్లో విద్యార్థులు ఆ శిథిలంలో కూర్చుని ఉపన్యాసాలు విన్నారు. అది వాళ్ళ సొంత నగరం. దుబాయ్‌లో మనం అడగగలిగింది అంత పెద్దది కాదు, కానీ చిన్నదీ కాదు.

అడగవలసింది నమోదు. ఎమిరేట్స్‌లోని తెలుగు సంఘాలు ఉగాదికీ దసరాకీ సభలు చేస్తున్నాయి, గాయకులను పిలుస్తున్నాయి. ఆ సభల్లో ఒక బల్ల వేసి పాత హాళ్ళ ఫొటోలు, టికెట్టు ముక్కలు, పేపరు ప్రకటనలు పోగుచేయమని అడగాలి. ఎవరు ఎక్కడ ఏ వరసలో కూర్చున్నారో, క్యాంపు నుంచి ఎలా వచ్చారో, ఇంటర్వెల్లో ఏం తిన్నారో వాళ్ళ మాటల్లోనే రికార్డు చేయాలి. తిరిగొచ్చినవాళ్ళు కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల్లో ఉన్నారు. 1970లలో వెళ్ళిన మొదటి తరానికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఎల్డొరాడో లాంటి ఒంటి తెర హాళ్ళ కొలతలు, నక్షాలు గీయించే పని అక్కడ చదువుకుంటున్న తెలుగు ఆర్కిటెక్చర్ విద్యార్థులు చేయగలరు. పోగైనదాన్ని తెలుగులోనూ అరబ్బీలోనూ అచ్చు వేసి, అబుదాబిలో ఆ 64 కట్టడాల జాబితా తయారుచేసిన శాఖకే ఒక ప్రతి పంపాలి. జాబితా పెంచడం వాళ్ళ పని, సాక్ష్యం అందించడం మన పని. ఈ ఉపన్యాసం చదివేవారిలో దుబాయ్‌లో ఉన్నవాళ్ళు ముందుగా ఒక పని చేయండి. అల్ కూజ్‌లో 68వ నంబరు గోదాముకు వెళ్ళి, టికెట్టు కొని, ఏ సినిమా అయినా సరే, ఆ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చోండి. అవి గోల్డెన్ సినిమావి.